గాల్వే వెళ్లండి, కానీ నలుగురూ ఒకే విమానంలో వద్దు

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. నేను బయోమెటీరియల్స్‌లో, అంటే వైద్యంలో శరీరం లోపల వాడే పదార్థాల మీద, పీహెచ్‌డీ చేశాను. ఐర్లండ్‌లోని గాల్వే యూనివర్సిటీలో రెండేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) వచ్చింది, ఏడాదికి 46,000 యూరోలు. సెప్టెంబర్ 1న చేరమంటున్నారు. మావారికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 12 ఏళ్ల అనుభవం ఉంది. పాపకి 9, నాలుగో తరగతి. బాబుకి 3. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. డబ్లిన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు "అది పల్లెటూరు, మనవాళ్లు పెద్దగా ఉండరు, ఎప్పుడూ వాన, పిల్లలకి తోచదు" అంటున్నాడు. ఇంట్లోనేమో వెళ్తే అందరం కలిసి వెళ్దాం, లేదంటే వద్దనుకుందాం అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందే చెప్పేస్తాను, వెళ్లండి. పీహెచ్‌డీ చేసి, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ ఈ స్థాయికి వచ్చి, చేతికందిన దాన్ని ఊరు చిన్నదని వదులుకోకండి. కానీ "అందరం కలిసి, లేదంటే అసలు వద్దు" అని మీ ఇంట్లో పెట్టుకున్న షరతుంది చూడండి, నాకు భయమంతా దాని గురించే. మేం అచ్చంగా అలాగే వచ్చాం కాబట్టి దాని సంగతి నాకు బాగా తెలుసు.

2018 ఆగస్టు చివర్లో మావారికి ఇక్కడ గాల్వేలోనే ఉద్యోగం వచ్చింది. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి రెండు. ఎనిమిది సూట్‌కేసులతో నలుగురం దిగాం. కంపెనీ వాళ్లు రెండు వారాలకి గది ఇచ్చారు, ఆలోపు ఇల్లు దొరక్కపోతుందా అనుకున్నాం. ఆ సమయానికే యూనివర్సిటీ పిల్లలు వేలల్లో ఊరికి తిరిగొస్తారన్న విషయం మాకు ఎవరూ చెప్పలేదు. ఒక ఇల్లు చూడ్డానికి వెళితే మెట్ల మీద నుంచి గేటు దాకా క్యూ, సన్నగా తుంపర, నా చంకలో పిల్లాడు నిద్రపోతున్నాడు, లోపలికి వెళ్లాక నాలుగు నిమిషాలు చూడనిచ్చారు. ఫారంలో ఇక్కడి పాత ఇంటి ఓనరు ఇచ్చిన ఉత్తరం జతచేయాలట, దేశంలో దిగి పదిరోజులైనవాళ్ల దగ్గర అది ఎలా ఉంటుంది! ఇంకొకాయన ఫోటోలు పంపి, తాళాలు కొరియర్‌లో వస్తాయి, ముందు డిపాజిట్ వేయండి అన్నాడు. వేశాం. తాళాలూ రాలేదు, ఆయనా మళ్లీ పలకలేదు. ఐదు వారాల్లో మూడు చోట్లు మారాం. హోటల్ గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం వండి, కిటికీ తెరిచిపెట్టి, పొగ అలారం మోగుతుందేమో అని పోపు కూడా వేయకుండా పెరుగన్నంతో గడిపిన రోజులవి. ఉన్న డబ్బులు అక్కడే కరిగిపోయాయి.

ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. గాల్వే అంటే 2022 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 86,000 మంది ఉన్న ఊరు. అంత చిన్న ఊళ్లో ఒక పెద్ద యూనివర్సిటీ, పశ్చిమ ప్రాంతానికంతా దిక్కైన పెద్దాసుపత్రి, వైద్య పరికరాలు తయారుచేసే పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, పైగా ఏడాది పొడుగునా టూరిస్టులు. ఇన్ని పనులకి వచ్చే జనానికి సరిపడా ఇళ్లు లేవు. రెండు బెడ్‌రూముల ఇంటికి నెలకి 2,000 యూరోలు, ఒక్కోసారి ఆపైన కూడా. మీ 46,000లో పన్నులూ పెన్షన్ కోతా పోను నెలకి చేతికొచ్చేది 3,000 పైచిలుకు అనుకోండి. పిల్లలకి ప్రభుత్వం నెలకి ఒక్కొక్కరికి 140 యూరోల చైల్డ్ బెనిఫిట్ ఇస్తుంది. అద్దె పోతే మిగిలే దాంట్లో కరెంటు, హీటింగ్, సరుకులు, బస్సులు, బాబు క్రెష్. అంటే ఒక్క జీతంతో బండి నడుస్తుంది గానీ ఈడ్చుకుంటూ నడుస్తుంది. మీవారికి ఉద్యోగం దొరికే దాకా అదే లెక్క, అందుకే ఆ సంగతి కిందికి వదిలేయకుండా ముందే మాట్లాడదాం.

మీవారికి ఇక్కడ పని చేసుకునే హక్కు ఉంటుంది, ఇది మంచి వార్త. యూనివర్సిటీ వాళ్లు మిమ్మల్ని హోస్టింగ్ అగ్రిమెంట్ (పరిశోధకుల్ని తీసుకునే ఒప్పందం) మీద తీసుకున్నా, క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ (కొరతగా ఉన్న నైపుణ్యాలవాళ్లకి ఇచ్చే వర్క్ పర్మిట్) మీద తీసుకున్నా, మీవారికి వచ్చేది స్టాంప్ 1జీ అనే నివాస అనుమతి. దాంతో ఆయన వేరే వర్క్ పర్మిట్ లేకుండా ఏ కంపెనీలోనైనా చేరొచ్చు. మీకు వచ్చేది ఈ రెండింటిలో ఏదో హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఊళ్లో సాఫ్ట్‌వేర్ కూడా లేకపోలేదు. ఎస్‌ఏపీ, సిస్కో, ఫిడెలిటీ, హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ లాంటివాళ్లకి ఇక్కడ ఆఫీసులున్నాయి. మెడ్‌ట్రానిక్, బోస్టన్ సైంటిఫిక్ లాంటి వైద్య పరికరాల కంపెనీల్లో, ఆ పరికరాల్లో నడిచే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే పని ఉంటుంది, టెస్టింగ్‌లో 12 ఏళ్లు ఉన్న మనిషి ఆ రంగం నియమాలు నాలుగు నెలలు కూర్చుని చదువుకుంటే ఆ తలుపు తెరుచుకునే అవకాశం బాగా ఉంది. అయితే డబ్లిన్‌లో ఉన్నన్ని ఖాళీలు ఇక్కడ ఉండవు, అబద్ధం చెప్పను. ఆరు నెలలు పట్టొచ్చు అనుకుని డబ్బు పక్కన పెట్టుకోండి. ఇంకో మాట, హైదరాబాద్ కంపెనీ జీతం మీదే గాల్వే నుంచి చడీచప్పుడు లేకుండా పని చేసేద్దాం అన్న ఆలోచన ఆయనకి ఉంటే మానుకోమనండి. ఇక్కడ నివాసం ఉంటూ ఇక్కడ కూర్చుని చేసిన పనికి ఇక్కడ పన్ను లెక్కలుంటాయి, కంపెనీకి తెలియకుండా చేస్తే ఆ చిక్కు ఇద్దరికీ.

నేనైతే ఏం చేసేదాన్నో చెప్తాను. ముందు మీ ప్రొఫెసర్‌కి రాసి, చేరే తేదీ సెప్టెంబర్ 1 నుంచి జనవరికి మార్చగలరా అని అడగండి. ప్రాజెక్టు డబ్బు ఎప్పటిలోగా ఖర్చు కావాలో దాన్ని బట్టి చాలామంది ఒప్పుకుంటారు. అడగడంలో తప్పు లేదు, మొహమాటపడకండి. సెప్టెంబర్ అంటే స్టూడెంట్ల రద్దీ, చెప్పాను కదా. జులై చివర్లో వద్దామన్నా వద్దు, అప్పుడు ఇక్కడి బ్యాలీబ్రిట్ రేస్‌కోర్సులో వారం రోజులు గుర్రప్పందాలు, ఊళ్లో గది దొరకదు, దొరికినా ధర కొండెక్కి ఉంటుంది. డిసెంబర్‌లో ఒక్క సెమిస్టర్‌కని వచ్చిన యూరప్ పిల్లలు వెళ్లిపోతారు కాబట్టి జనవరిలో గదులు కొంచెం ఖాళీ అవుతాయి. మీరొక్కరే రండి. ఒక ఇంట్లో ఒక గది తీసుకోండి, 700 నుంచి 1,000 యూరోల లోపు దొరుకుతుంది. ల్యాబ్‌లో స్థిరపడండి, పీపీఎస్ నంబరు (పన్నులకీ ప్రభుత్వ సేవలకీ ఇచ్చే నంబరు), బ్యాంకు ఖాతా, మూడు నెలల జీతం స్లిప్పులు చేతికొస్తాయి. ఓనర్లు అడిగేది అవే. అప్పుడు మార్చి నుంచి ఇల్లు వెతకండి. పాప నాలుగో తరగతి ఏప్రిల్‌లో అక్కడ పూర్తి చేస్తుంది. మే నెలలో మీవారూ పిల్లలూ వస్తారు. ఇక్కడి బడి జూన్ చివరి దాకా నడుస్తుంది, ఆ నెలన్నరలో పాపకి ఇద్దరు స్నేహితులు దొరికితే వేసవి సెలవుల్లో ఒంటరిగా కూర్చోదు. పైగా జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు. పిల్లలు ఈ ఊరిని మొదటిసారి ఆ వెలుతురులో చూడాలి.

మూడేళ్ల పిల్లాడిని వదిలి తల్లి ముందు వెళ్లడమేమిటని ఇంట్లో అంటారు. అంటారు, నాకు తెలుసు. తండ్రి ముందు వెళ్లి ఆర్నెల్ల తర్వాత భార్యాబిడ్డల్ని తెచ్చుకుంటే ఎవరూ ఒక్క మాట అనరు కదా. ఉద్యోగం మీకొచ్చింది కాబట్టి ముందు వెళ్లేది మీరు, అంతే. ఆ నాలుగైదు నెలలు కష్టంగానే ఉంటుంది, మీకూ వాడికీ. కానీ హోటల్ గదిలో నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, ఇల్లు దొరుకుతుందో లేదో అన్న టెన్షన్‌లో, మీరు అప్పుడే కొత్త ల్యాబ్‌లో చేరి, ఆ పరిస్థితి పిల్లల మీద పడటం దానికంటే చాలా కష్టం. మా పాప ఇప్పటికీ ఆ ఐదు వారాల సంగతి ఎత్తుతుంది.

వీసా పని కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి. మీ వీసా వేరు, మీతో ఉండటానికి వచ్చేవాళ్ల వీసా వేరు, ఇక్కడికి వచ్చి చూసుకుందాం అంటే కుదరదు. నెలలు పట్టొచ్చు. వచ్చాక పెద్దవాళ్లు ఒక్కొక్కరికి రిజిస్ట్రేషన్ కార్డుకి 300 యూరోలు, ఏటా లేదా వీసా పొడిగించినప్పుడల్లా అది మళ్లీ మళ్లీ ఉంటుంది, లెక్కలో వేసుకోండి.

ఇల్లు వెతికేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. లోపల అడుగు పెట్టి చూడనిదే ఒక్క యూరో కూడా పంపకండి. మీరు రాలేకపోతే ల్యాబ్‌లో ఎవరినైనా చూసి రమ్మనండి, వెళ్తారు, ఇక్కడివాళ్లు అలాంటి సాయానికి వెనకాడరు. డిపాజిట్ ఒక నెల అద్దె, అడ్వాన్సు ఒక నెల అద్దె, అంతకు మించి ముందుగా అడగడానికి చట్టం ఒప్పుకోదు, ఆరు నెలలది ఒకేసారి కట్టమన్నవాడికి దూరంగా ఉండండి. కొన్ని ఇళ్లు సెప్టెంబర్ నుంచి మే దాకానే ఇస్తారు, వేసవిలో ఖాళీ చేయమంటారు, సంతకం పెట్టే ముందు అది అడగండి. నాలుగోది, నది ఏ వైపు అన్నది. కొరిబ్ నది ఊరిని రెండుగా చీలుస్తుంది, బండ్లు దాటడానికి ఉన్నవి కొద్ది వంతెనలే, పొద్దున్నా సాయంత్రం వాటి మీద కార్లు ఇంచు ఇంచుగా కదులుతాయి. మీ యూనివర్సిటీ పడమటి ఒడ్డున ఉంది, కంపెనీలు ఎక్కువగా తూర్పున బ్యాలీబ్రిట్, పార్క్‌మోర్ వైపు. న్యూకాజిల్ అయితే మీరు నడిచి వెళ్లొచ్చు కానీ అద్దె ఎక్కువ. మేమున్న నాక్నకారాలో కుటుంబాలెక్కువ, పార్కులు, బడులు ఉన్నాయి, బస్సుంది. అద్దె తక్కువని ఓరన్‌మోర్, అథెన్రీ వైపు చూస్తే అక్కడి నుంచి రైలు నేరుగా ఊరి నడిబొడ్డుకి వస్తుంది, అది మరీ తీసిపారేయదగ్గది కాదు. కారు మాత్రం వెంటనే అనుకోకండి. మన లైసెన్సు ఇక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు. థియరీ పరీక్ష, లెర్నర్ పర్మిట్, శిక్షణ క్లాసులు, ఆపై పరీక్షకి వెయిటింగు. మావారు హైదరాబాద్‌లో పదేళ్లు బండి నడిపిన మనిషి, ఇక్కడ మొదటిసారి ఫెయిలయ్యారు.

పాప చదువు గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు, నాకు ముఖ్యంగా తోచింది అదే. ఇక్కడ బడిలో ఐరిష్ భాష తప్పనిసరి. విదేశాల్లో చదివి వచ్చిన పిల్లలకి మినహాయింపు ఉంది కానీ అది 12 ఏళ్లు నిండి వచ్చినవాళ్లకి. తొమ్మిదేళ్ల పాప నేర్చుకోవాల్సిందే. భయపడొద్దు. మా పాప మొదటివారం బడి నుంచి వచ్చి "అమ్మా, నేను ఐరిష్‌లో ఒకటి చెప్తా విను" అని గడగడా అప్పజెప్పింది, "అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గొ జీ అన్ లెహ్రస్". బాత్రూమ్‌కి వెళ్లొచ్చా అని అడగడమట, దేశంలో ప్రతి పిల్లా పిల్లాడూ ముందు నేర్చేది ఆ వాక్యమే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు పక్కపక్కన పెట్టుకుని పెరిగిన పిల్లలకి నాలుగోది అంత బరువు కాదు, మా పాప ఇప్పుడు నాకు బస్సు స్టాపుల పేర్లు ఐరిష్‌లో చదివి వినిపిస్తుంది. గాల్వే పక్కనే స్పిడ్డల్ నుంచి కానమారా దాకా ఐరిష్ ఇంట్లో మాట్లాడే ఊళ్లున్నాయి, అందుకే ఇక్కడ అది పుస్తకాల భాష మాత్రమే కాదు, కొట్లో కూడా వినబడుతుంది.

బడులు చాలావరకు కాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనివి. 2018 చట్టం వచ్చాక బాప్తిజం లేదని ప్రైమరీలో కాథలిక్ బడులు సీటు ఆపడానికి లేదు. మత పాఠం జరిగేటప్పుడు మన పిల్లలు వెనక కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు. అన్ని మతాలవాళ్లకీ సమానంగా నడిపే ఎడ్యుకేట్ టుగెదర్ బడి కూడా ఒకటి న్యూకాజిల్‌లో ఉంది. సీటు దొరకడమే అసలు సమస్య. మధ్య తరగతుల్లో ఖాళీ ఉంటేనే ఇస్తారు. కాబట్టి నిజాంపేటలో ఉండగానే నాలుగైదు బడులకి మెయిల్ పెట్టి పాప పేరు రాయించండి. హోంవర్కు తక్కువ, ట్యూషన్లు లేవు, ర్యాంకులు లేవు. మొదటి ఏడాది మీకు "వీళ్లు అసలు ఏమైనా చెప్తున్నారా" అనిపిస్తుంది, నాకూ అనిపించింది, పాప ఎక్కాలు మర్చిపోతుందని గొడవపడ్డాను. తర్వాత ఒకరోజు అది ఇష్టంగా లేచి బడికి తయారవడం చూసి ఆ గొడవ మానేశాను. బాబుకి ప్రభుత్వం ఉచితంగా రోజుకి మూడు గంటల ప్రీస్కూల్ ఇస్తుంది, వారానికి ఐదు రోజులు, ఏడాదిలో 38 వారాలు. మిగతా గంటలకి క్రెష్ కావాలి, వెయిటింగ్ లిస్టులు పొడుగు, అక్కడ కూడా ఇప్పుడే పేరు వేయండి.

వాన సంగతి మీ అన్నయ్య చెప్పింది నిజమే. హైదరాబాద్‌లో వాన వచ్చి కుమ్మరించి వెళ్లిపోతుంది, ఇక్కడ రోజూ కాస్త కాస్త పడుతూనే ఉంటుంది, గాలికి గొడుగు నిలవదు. డిసెంబర్‌లో పొద్దున తొమ్మిదికి కాస్త ముందు తెల్లవారి సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. మొదటి శీతాకాలం నాకు కారణం లేకుండా ఏడుపొచ్చేది. మీకూ అలా అనిపిస్తే దాచుకోకుండా డాక్టర్‌తో చెప్పండి. 2025 జనవరి 24న వచ్చిన తుఫాను గాలి మా జిల్లాలోని మేస్ హెడ్ దగ్గర గంటకి 183 కిలోమీటర్లు తాకింది, ఈ దేశంలో నమోదైనవాటిలో అదే ఎక్కువ, మాకు కరెంటు రోజుల తరబడి లేదు, పక్కింటి ముసలాయన గ్యాస్ స్టవ్ తెచ్చిచ్చి వెళ్లాడు. ఊరు చిన్నదైతే వచ్చే మేలు అదే. డబ్లిన్‌లో మనవాళ్లెక్కువ, నిజం, సంక్రాంతి, బతుకమ్మ అన్నీ పెద్దఎత్తున చేస్తారు. ఇక్కడ తెలుగు ఇళ్లు తక్కువ, ఆసుపత్రి నర్సుల్లో కేరళవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. కానీ ఆ తక్కువ ఇళ్లవాళ్లు ఒకరికొకరు బాగా తెలుసు. కరివేపాకు, సోనా మసూరి దొరుకుతాయి, పచ్చి గోంగూర మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. సాయంత్రం సాల్ట్‌హిల్ దగ్గర సముద్రం పక్కన ప్రామెనాడ్ మీద నడిచి, చివర బ్లాక్‌రాక్ డైవింగ్ టవర్ దగ్గరి గోడని కాలితో తన్ని వెనక్కి తిరగడం ఊరి అలవాటు, పిల్లలకి అంత సరదా అయిన ఉచిత వినోదం నేనింకా చూడలేదు. తోచదన్న మాట వాళ్లని చూసి చెప్పాలి.

భద్రత గురించి కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. 2025 వేసవిలో డబ్లిన్‌లోనూ ఇతర చోట్లా మనవాళ్ల మీద దాడులు జరిగాయి, ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం ఒంటరి చోట్లకి, ముఖ్యంగా వేళ కాని వేళల్లో, వెళ్లొద్దని జాగ్రత్త చెప్పింది. గాల్వేలో మాకు జరిగింది బస్‌స్టాప్‌లో కుర్రాళ్లు ఏదో అరిచి పోవడం, రెండుసార్లు. పక్కనున్న ఒక ఆవిడ వాళ్లని కేకలేసి, బస్సొచ్చేదాకా నా పక్కనే నిలబడింది. చిన్న విషయమని చెప్పను, గుండె దడ వచ్చింది. అలాగని దాని కోసం ఇల్లు సర్దుకుని వెళ్లిపోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

అత్తయ్యగారి విషయం చెప్పడానికి కష్టంగా ఉంది. తల్లిదండ్రుల్ని ఇక్కడికి శాశ్వతంగా తెచ్చుకోవడం చాలా కష్టం, మీ జీతం మీద జరగదనే అనుకోండి. 90 రోజుల విజిటర్ వీసా మీద వచ్చి వెళ్లగలరు. ఇన్నాళ్లూ మనవల్ని ఎత్తుకుని తిరిగిన మనిషికి ఈ సంగతి టికెట్లు కొన్నాక తెలియకూడదు. ఆవిడ ఎవరి దగ్గర ఉంటారు, మందులు ఎవరు చూస్తారు, ఆవిడకి ఏది ఇష్టం, ఇవన్నీ ముందు ఆవిడతోనే కూర్చుని మాట్లాడండి. జనవరి నుంచి మే దాకా పిల్లల్ని చూసుకోవాల్సింది కూడా ఆవిడే కదా, ఆ నాలుగు నెలలు మోయమని అడిగేటప్పుడు తర్వాతి సంగతి దాచడం న్యాయం కాదు.

రెండేళ్ల తర్వాత ఏమిటని అడిగితే, ఆ కాలం పూర్తయ్యాక స్టాంప్ 4 అనే నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు, అది వస్తే మీరు యూనివర్సిటీ వదిలి ఏ కంపెనీకైనా వెళ్లొచ్చు. బయోమెటీరియల్స్ చదివిన మనిషికి యూరప్‌లో ఇంతకంటే మంచి ఊరు దొరకడం కష్టం. వైద్య పరికరాల మీద పనిచేసే క్యూరమ్ అనే పరిశోధన కేంద్రం మీ యూనివర్సిటీలోనే ఉంది, ఆ ఫ్యాక్టరీలు ఊరి చివరే ఉన్నాయి. మీ అన్నయ్య డబ్లిన్‌లో కూర్చుని చూడనిది ఇదే.

ఈ వారంలో మూడు మెయిళ్లు పెట్టండి చాలు. ప్రొఫెసర్‌కి తేదీ గురించి, హెచ్‌ఆర్‌కి పర్మిట్ గురించి, బడులకి పాప గురించి. సామాన్లలో నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలూ మాంసమూ తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. ఆవకాయకి అడ్డు లేదు, గట్టిగా ప్యాక్ చేయించుకోండి. రెయిన్ జాకెట్లు మాత్రం ఇక్కడికొచ్చాకే కొనండి, కోఠీలో కొన్నవి మావి మొదటి వారంలోనే తడిసి ముద్దయ్యాయి.